పోయింది అని రాసుకో

చనిపోయినావిడ ఇల్లెక్కడని చనిపోయినావిడనే అడిగిన ఘనత నాకుంది. అందుకే ఇప్పటికీ ఎవరైనా సర్వే అంటూ కాగితాలు పట్టుకుని మా గుమ్మం ఎక్కితే ముందు మంచినీళ్ళిస్తాను. వాళ్ళు ఎవరిని ఏమడిగి వచ్చారో పాపం.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేదాన్ని. పదిహేనేళ్ళు చెప్పాను. గ్రామీణ రుణాల మీద నా నోట్సు పిల్లలు జిరాక్సు తీసుకుని జిల్లా అంతా పంచుకునేవారు. అందులో ఉన్నదంతా పుస్తకాల్లోదే, నాకు గ్రామమూ తెలీదు, రుణమూ తెలీదు. పిల్లలందరూ ఇంజినీరింగుకి పరుగెత్తాక యాజమాన్యం ఆర్ట్సు గ్రూపు మూసేసింది. గ్రూపుతో పాటు నన్నూ మూసేశారు. ఇంట్లో కూర్చుంటే మా ఆయనతో వాదించాలి. ఆయన వాదించడు, పేపరు తిప్పుతాడు. గోడతో ఎన్నాళ్ళని వాదించను? తెలిసినవాళ్ళు సర్వే పనుందంటే సరేనన్నాను.

పని ఇచ్చింది ఆడవాళ్ళకి గుంపులు కట్టించి అప్పులిచ్చే కంపెనీ. రెండు వేల పదిలో చట్టం వచ్చి తరిమితే ఇలాంటివాళ్ళు కొన్నాళ్ళు కనబడకుండా పోయారు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి కొత్త బోర్డులు పెట్టుకుని మెల్లగా దిగారు. వారం వారం చేసే వసూలు నెలనెలా అయింది. ఎద్దు పాతదే, మెడలో గంట కొత్తది.

నరసన్నపేట బ్రాంచిలో మేనేజరు నన్ను కూర్చోబెట్టి పని వివరించాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పై దాటవు, మెడలో తాడుకి తన ఫొటో తనే వేలాడదీసుకున్నాడు.

"మా సమస్య డ్రాపౌట్లు మేడమ్."

"అంటే?"

"అప్పు తీర్చేసి, మళ్ళీ తీసుకోకుండా మానేసినవాళ్ళు."

"పూర్తిగా తీర్చేశారా?"

"పైసాతో సహా."

"మరి సమస్యేమిటి?"

అతను నన్ను జాలిగా చూశాడు. "అదే మేడమ్ సమస్య."

ఎగ్గొట్టినవాళ్ళని అర్థం చేసుకోడానికి వాళ్ళ దగ్గర వేరే మనుషులున్నారట, వాళ్ళకి మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయట. తీర్చేసి దణ్ణం పెట్టి వెళ్ళినవాళ్ళే అర్థం కావడం లేదట. వాళ్ళని అర్థం చేసుకోడానికి నన్ను పెట్టుకున్నారు, మనిషికింత చొప్పున.

అర్థం చేసుకోవడం సులువయ్యేలా ఒక ఫారం కూడా వేయించారు. మానేయడానికి కారణం: ఒకటి, ఊరు మారడం. రెండు, వేరే కంపెనీ. మూడు, వడ్డీ. నాలుగు, మరణం. ఐదు, ఇతరములు. ఐదు పక్కన బెత్తెడు గీత. లోకంలో ఆడదానికి ఉండగల మిగతా కారణాలన్నీ ఆ బెత్తెడులో పట్టాలి. నాలుగో నంబరు వాళ్ళకి వేరే రంగు కాగితం. దాని అడుగున ఒక ప్రశ్న: "కుటుంబానికి సానుభూతి తెలియజేశారా? అవును / కాదు."

మరణించడం కూడా కస్టమరు మానేయడం కిందే వస్తుందా అని అడిగాను. "రిటెన్షను దెబ్బతింటుంది కదా మేడమ్" అన్నాడు. నిజమే, చచ్చినవాళ్ళు మళ్ళీ లోనుకి రావడం తక్కువ.

భావనపాడు దాటి ఇంకొంచెం ముందుకెళ్తే ఉన్న పల్లెలో నాకు ఒక్క పేరే ఉంది. నాలుగో నంబరు. టెక్కలిలో బస్సు దిగి, ఆటోలో చేపల గంపల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, దారంతా పరామర్శ మొహం సాధన చేసుకుంటూ వెళ్ళాను.

ఒడ్డున ఇసక మీద పాత వలలు పరిచి చిన్న నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్నారు. యాభై దగ్గర్లో ఉన్న ఒకావిడ చీర పైకి దోపుకుని, కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. కాగితంలో పేరు చదివి, గొంతు తగ్గించి, ఆవిడ ఇల్లెక్కడమ్మా అని అడిగాను.

"ఏటి పని?"

"ఆవిడ పోయారట కదా. వాళ్ళాయన్ని ఒకసారి చూసి వెళ్దామని."

కర్ర ఆగలేదు. "ఎప్పుడు పోనాదంట?"

కాగితం చూశాను. "ఎనిమిది నెలలయింది."

"ఏ రోగమంట?"

"అది రాయలేదు."

"అదీ రాయనేదా! రోగం కూడా నేకుండా సంపేసినారే." ఆవిడ వెనక్కి తిరిగి వల అవతలివాళ్ళకి కేకేసింది. "ఓలే, ఇలా రండే! నా దినం బోజనానికి సుట్టాలొచ్చినారు. మంచి పీట ఎయ్యండే!"

వలల చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ చేతిలో పని వదిలేసి నవ్వారు. నేను సాధన చేసుకున్న మొహం ఇంకా నా మొహం మీదే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నానే తల్లీ" అందావిడ, చెయ్యి చాపి. "ముట్టుకు సూడు. సల్లగున్నానేటి?"

ముట్టుకున్నాను. ఉప్పు, చేప పొలుసులు, వేడి. సానుభూతి తెలియజేశారా అన్న చోట ఏం రాయాలో ఫారం తయారుచేసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

నవ్వులయ్యాక నన్ను తుఫాను షెల్టరు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "సచ్చినత్తకి కూడా పోస్తన్నానే" అని టీ ఇస్తున్న చిన్నదంటే, "దానికి పిండం ముద్ద పెట్టు, టీ ఎందుకు" అని ఇంకొకతి. కర్ర పట్టుకున్నావిడా నవ్వుతోంది గానీ, ఆ నవ్వు మిగతావాళ్ళ కంటే ముందే అయిపోతోంది. ఎందుకో కాసేపటికి తెలిసింది.

తను చచ్చిపోయిన సంగతి ఆవిడకి నాకంటే ముందే బ్యాంకువాళ్ళు చెప్పారు. పల్లెలో ఆడవాళ్ళ పొదుపు సంఘం ఒకటుంది. ఆవిడే ఇల్లిల్లూ తిరిగి, మొగుళ్ళ చేత తిట్లు తిని, పన్నెండేళ్ళ కింద పెట్టింది. చేపలు ఇసకలో కాకుండా ఎత్తు మీద ఎండబెట్టుకోడానికి సిమెంటు అరుగులు కట్టుకుందామని సంఘం బ్యాంకుకి దరఖాస్తు పెట్టింది. బ్యాంకు కుర్చీలో ఉన్నాయన ఒక్కొక్క పేరూ కంప్యూటర్లో కొట్టి చూసి, ఈవిడ పేరు దగ్గర ఆగి, ఈవిడ వంక చూసి, మళ్ళీ తెర వంక చూసి, తెరనే నమ్మాడు. అప్పిచ్చిన కంపెనీయే ఈమె మరణించింది అని రాసిందమ్మా, మేమేం చెయ్యగలం అన్నాడు. నెలాఖరులోగా బతికున్నట్టు కంపెనీ నుంచి కాగితం తేవాలి. లేదా ఈవిడ పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసి తేవాలి.

"నా కోడలి పేరు రాసీమంటన్నారు ఈల్లు" అంది ఆవిడ, టీ ఇచ్చిన చిన్నదాన్ని చూపిస్తూ.

"నాకేటి సరదావా అత్తా? అరుగులు అందరికీ కావాల. నెలాఖరు ఇంక పది రోజులున్నాది" అందా చిన్నది, నేల చూస్తూ.

"నాను కాదన్నానేటే? రాసీయండి. సచ్చినదానికి సంగమెందుకు." అని, నా వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి కదా తల్లీ. ఆల్ల కాగితం ఆల్లకే సూపించి నన్ను బతికించు. సంగంలో నా పేరు పోకూడదు. అంతే నాకు."

నా ఫారం గుర్తొచ్చింది. మానేయడానికి కారణం అడగడానికి కదా వచ్చాను. అసలు ఎందుకు మానేశావు అన్నాను.

ఆవిడ ముందు కంపెనీ గ్రూపు ఎలా కట్టారో చెప్పింది. గ్రూపులో చుట్టాలు ఉండకూడదని కంపెనీ నియమం. పల్లె మొత్తానికి ఇంటిపేర్లు రెండు. ఆ రెండిళ్ళవాళ్ళూ ఒకరికొకరు పిల్లనిచ్చుకుని నూరేళ్ళయింది. ఆఫీసరు వచ్చి "మీరు బంధువులా?" అని అడిగితే, పక్కపక్కనే కూర్చున్న వదినా మరదళ్ళు ఒకరినొకరు ఎప్పుడూ చూడనట్టు చూసుకుని "కాదు సార్" అన్నారు. ఇరుగుపొరుగు అని రాసుకున్నాడు. తర్వాత నెలనెలా ఈ అరుగు మీదే వరసల్లో కూర్చోవడం, అతను పేరు పిలవడం, వీళ్ళు "ఉన్నాను సార్" అనడం, ఆ తర్వాత వాయిదా కట్టడం. ముందు హాజరు, తర్వాతే డబ్బు. హాజరు నిండుగా ఉంటే బ్రాంచికి పేరట.

"మా ఒదిన టైఫాయిడొచ్చి పోనాది" అంది. "దానికి తానం పోసింది నానే. పోతే మాఫీ అని అప్పిచ్చినప్పుడే పాలసీకి డబ్బు కోసుకున్నారు. ఆ ఆఫీసరు బాబుకి సెప్తే, కాగితాలు శానా కావాల, ఇప్పుడొద్దు, అందరూ ఏసుకుని దాని వాయిదా కట్టీయండన్నాడు. కట్టినాం. పోనీ అనుకున్నాం, మన ఒదినే కదా. ఆ బాబు దాని పేరు కూడా పిలిసేవోడు. ఎవులో ఒకలు పలకాల. మొదటి నెల మా పెద్దప్ప పలికినాది, ఉన్నాది సార్ అని. రెండో నెల ఇదిగో ఇది పలికినాది. మూడో నెల నా వంతు."

కర్ర చివరతో ఇసక మీద గీత గీసింది.

"నోరు రానేదు తల్లీ. ఆ సేతుల్తోనే కదా తానం పోసినాను. 'పోనాది బాబూ' అన్నాను. 'మళ్ళీ మొదలెట్టకు, ఉన్నాది అను' అన్నాడు. 'అలగైతే నానూ పోతన్నాను, పోనాదని రాసుకో' అన్నాను. ఇంటికెల్లి నా మిగిలిన రెండు వాయిదాలూ తెచ్చి ఆడి ముందు పడేసి ఎలిపోనాను. ఆడు రాసుకున్నాడు."

రాసుకున్నాడు. ఎంత బుద్ధిమంతుడంటే, చెప్పింది చెప్పినట్టు, "పోయింది" అని రాసుకున్నాడు.

నేను ఫారం తీసి ఐదో నంబరు పక్కన గీత చూశాను. బెత్తెడే ఉంది.

మర్నాడు నరసన్నపేటలో మేనేజరు ముందు కూర్చున్నాను. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడట. పాత రిజిస్టరు తీసి చూపించాడు. వంకర టింకర అక్షరాలతో అదే మాట.

"చూడండి మేడమ్, 'పోయింది' అనే ఉంది. హెడ్డాఫీసులో ఎంట్రీ చేసే అమ్మాయి తెలుగు బాగా వచ్చిన అమ్మాయి. మనిషి పోయింది అంటే పోయినట్టే కదా?"

"మా జిల్లాలో బస్సు పోతుంది, కరెంటు పోతుంది, మా ఆయన పేపరు కొనడానికి పోతాడు. ప్రతిసారీ ఏడుస్తూ కూర్చోం."

"వెళ్ళిపోయింది అని రాయాల్సింది" అని ఒప్పుకున్నాడు, వ్యాకరణం తప్పు దొరికిన పిల్లాడిలా. "కానీ ఒకసారి మరణం అని పడ్డాక వెనక్కి తీయాలంటే పైనుంచి ఆడిట్ వస్తుంది మేడమ్. ఇంకో దారుంది. ఆవిడ ఒక చిన్న లోను తీసుకుంటే చాలు. లోను పడగానే సిస్టమ్ ఆవిణ్ణి బతికున్నట్టు తీసుకుంటుంది."

నేను చాలామందితో చాలా వాదించాను గానీ, ఇంత నిర్మలమైన మొహంతో ఇంత మాట ఎవరూ అనలేదు. "యముడు కూడా తీసుకెళ్ళడమే చేస్తాడయ్యా, వాయిదాల మీద తిరిగివ్వడు" అన్నాను.

"మీరు ఎమోషనల్ అవుతున్నారు మేడమ్."

"అయితే రెండో ఆవిడ సంగతి చెప్పు. నిజంగా చనిపోయినావిడ. ఆవిడ నీ సిస్టమ్‌లో ఎలా ఉంది?"

కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టి చూశాడు. "యాక్టివ్" అన్నాడు చివరికి. "హాజరు వంద శాతం." తర్వాత, నాకు కాదన్నట్టు గొణిగాడు. "పెద్ద లోను. ఇంకా నాలుగు వాయిదాలే ఉన్నాయి. తనంతట తనే క్లోజ్ అయిపోతుంది."

ఆ కంపెనీలో పదకొండు నెలల కింద చితి మీద కాలిపోయిన మనిషి మంచి కస్టమరు. కాకులు తోలుతున్న మనిషి మరణం. ఒకరిని బతికిస్తే ఆడిట్ వచ్చి రెండో ఆవిడ చచ్చిన సంగతి బయటపడుతుంది. అతనికి ఆ రెండు పనులూ ఇష్టం లేదు. మూడోది ఇష్టం, కొత్త లోను. వచ్చే మీటింగుకి తనే వస్తానని, కాగితం తనే తెస్తానని అన్నాడు. అది ఏ కాగితమో నాకు అడగకుండానే తెలుసు.

మీటింగు రోజు నేనూ వెళ్ళాను. నా పని కాదు. మనిషికింత లెక్కలో దానికి పైసా రాదు. ఆటోకి నా డబ్బులే.

అరుగు మీద ఆడవాళ్ళు వరసల్లో కూర్చున్నారు. నా నాలుగో నంబరావిడ మాత్రం దూరంగా మెట్టు మీద, గ్రూపులో లేదు కదా. నెలాఖరుకి రెండే రోజులు. మేనేజరు చొక్కా చేతులు సర్దుకుని హాజరు మొదలుపెట్టాడు. పేరు, ఉన్నాను సార్. పేరు, ఉన్నాను సార్. చనిపోయిన వదిన పేరు దగ్గర గొంతు కొంచెం తడబడింది గానీ ఆగలేదు. ఏం ఆగుతుంది, వంద శాతం ఎదురుగా ఉంటే? టీ ఇచ్చిన చిన్నదాని వంతు కాబోలు, తల వంచుకుని "ఉన్నాది సార్" అంది. టిక్కు పెట్టాడు.

అంతా అయ్యాక లోను ఫారం పట్టుకుని మెట్టు దగ్గరికి వచ్చాడు. ఎంత మర్యాదగానో వంగి చెప్పాడు. "ఇక్కడ ఒక్క సంతకం పెట్టండమ్మా, బతికిపోతారు."

ఆవిడ ఫారం తీసుకుంది. తిప్పి చూసింది. రెండు రోజులు, పన్నెండేళ్ళ సంఘం. నేనైతే పెట్టేసేదాన్నేమో. నిజంగా.

"ఎడతాను బాబూ" అంది. "ముందు మా ఒదిన సంతకం ఎట్టించుకురా."

"ఎవరమ్మా?"

"ఇప్పుడు నువ్వే పిలిసినావు కదా. ఉన్నాదని ఆల్లే పలికినారు. ఏదీ, ఏ వరసలో కూకున్నాది? నాకూ ఒకసారి సూపించు. పదకొండు నెలలయింది దాని మొకం సూసి."

మేనేజరు హాజరు కాగితం వైపు చూశాడు, టిక్కు అక్కడే ఉంది. నా వైపు చూశాడు. నా దగ్గర ఇరవై మాటలు రెడీగా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. ఆ పూట నేను చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశానంటే అదే.

చిన్నది లేచి నిలబడింది. "నాను ఇంక పలకను సార్."

"కూర్చోమ్మా, మీటింగు..."

"నానూ పలకను" అని పెద్దప్ప అంది, మోకాలు పట్టుకుని లేస్తూ. "శానా పాపం సేసినాం. మేం కూడా పోతన్నాం, రాసుకో."

మెట్టు మీదావిడ అక్కణ్ణుంచే కేకేసింది. "ఏ పోడమో సరిగ్గా రాసుకో బాబూ! ఊరంతా ఒక్కసారే సంపీకు!"

ఒకావిడ ఫక్కుమంది, తర్వాత అందరూ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు కొందరు. మేనేజరుకి మాత్రం నవ్వు రాలేదు. ఒకేసారి ఒక గ్రూపు మొత్తం పోతే, అది ఏ రకం పోవడమైనా, పైనుంచి ఆడిట్ వస్తుంది. అది అతని మొహంలో స్పష్టంగా కనబడింది. సంచీలోంచి కంపెనీ పేరున్న కాగితాలు తీశాడు.

ఆవిడ పట్టుబట్టి ముందు వదిన కాగితం రాయించింది. ఫలానా ఆమె మరణించినదని, ఆమె బాకీ మాఫీ అని, ఆమె పేర కట్టించుకున్నది తిరిగి ఇస్తామని. చివరి ముక్క దగ్గర అతను గింజుకున్నాడు, అక్కడ నా ఇరవై మాటల్లో ఒక ఆరు వాడాను. తర్వాత ఈవిడది. "సదరు ఖాతాదారు మరణించలేదు, మా కంపెనీకి ఎటువంటి బాకీ లేదు." కింద "తిరిగి మా సేవలు వినియోగించుకోగలరని ఆశిస్తున్నాము" అని చేర్చబోతే పెన్ను లాక్కున్నాను. ముద్ర వేసి ఇచ్చాడు. అది పట్టుకుని ఆవిడ ఆ మధ్యాహ్నం ఇంటికి కూడా వెళ్ళలేదు, చేపల వాసనతోనే బ్యాంకుకి ఆటో ఎక్కింది. బ్యాంకాయన ఈసారీ మనిషిని చూడలేదు, కాగితాన్నే చూశాడట. సరే అన్నాడు. సంఘం కాగితంలో మొదటి పేరు ఆవిడదే ఉండిపోయింది.

నేను నా రిపోర్టు ఇచ్చాను. ఈ పల్లె దగ్గర బెత్తెడు గీత చాలక వెనక పేజీ నిండా రాశాను. చచ్చిపోయిన మనిషి ఉందని పలకలేక మానేశారు అని. హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చింది, రిమార్కు పొడుగ్గా ఉంది, నంబరు వేయండి అని. ఐదు వేశాను. డబ్బులిచ్చారు. తీసుకున్నాను, లేదని అబద్ధం చెప్పను.

మూడు నెలల తర్వాత మేనేజరు ఫోను చేశాడు. ఆవిడ మరణం రద్దయ్యాక సిస్టమ్ ఆవిణ్ణి యాక్టివ్‌లోకి తీసుకుందట. యాక్టివ్ అయినావిడ మూడు మీటింగులకీ రాలేదు కాబట్టి మళ్ళీ డ్రాపౌట్ అయిందట.

"కారణం రాయాలి మేడమ్. మీకైతే పరిచయం కదా, ఒకసారి కనుక్కుని చెప్తారా?"

ఆ వారం నరసన్నపేట సంతలో ఆవిడ కనబడింది, ముందు ఎండునెత్తళ్ళు పోగులు పెట్టుకుని. సిమెంటు అరుగుల మీద ఎండినవి, ఇసక లేదు, తిని చూడమంది. సంగతి చెప్పాను. నాకు పావు కిలో తూచి, పైన ఒక పిడికెడు కొసరు వేసి, కాగితం పొట్లం కట్టింది.

"ఈసారి ఎల్లిపోనాది అని రాయమను" అంది. "'ఎల్లి' మర్సిపోవద్దని సెప్పు."